సిగరెట్ మానేశాక మనసు పూర్తిగా డల్ అయిపోయింది. డిప్రెషన్ మాత్రలు రాశారు, మొదలుపెట్టాలా?

పెన్నాగట్టు
సంక్రాంతికి సిగరెట్ మానేశాను. ఉగాది కూడా దాటింది. కావలిలో ఇంటర్ చదివేటప్పుడు మొదలైన అలవాటు, ఇరవై ఏళ్ళ పైమాటే. బీపీ బాగా ఎక్కువగా ఉందని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి ఒక్కటీ ముట్టలేదు.

మొదట్లో చెయ్యి ఊరికే జేబులోకి పోయేది, నిద్ర పట్టేది కాదు, ఎవరు పలకరించినా కోపం వచ్చేది. అది మామూలేనని అందరూ చెప్పారు. నిజంగానే తగ్గింది కూడా. కానీ అది పోయాక ఈ దిగులు పట్టుకుంది. దేని మీదా ఇష్టం లేదు. పొద్దున్నే లేవడమెందుకు అనిపిస్తుంది. షాపు తీస్తాను, వచ్చినవాళ్ళు ఏ వైరు అడిగారో మళ్ళీ అడగాల్సి వస్తుంది. ఇంట్లో చేపల పులుసు పెడితే అందరికన్నా ముందు నేనే కూర్చునేవాణ్ణి, ఇప్పుడు నాలుగుసార్లు పిలిస్తే గానీ లేవడం లేదు. మొన్న పాప స్కూల్ ఫంక్షన్‌లో ఏ కారణం లేకుండా ఏడుపొచ్చింది. బయటికొచ్చి గోడ పక్కన నిలబడ్డాను.

నెల్లూరు పొగతోట వీధుల్లో ఒక డాక్టర్‌కి చూపించుకుంటే ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర రాశారు. చీటీ జేబులోనే ఉంది, ఇంకా కొనలేదు. మా బావ అవి పిచ్చి మాత్రలు, మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందే అంటాడు. మా ఆవిడేమో ఇట్లా ఉండేదానికన్నా ఆ సిగరెట్టే నయం, మళ్ళీ తాగు అంటోంది. తాగినన్నాళ్ళూ అందరూ తిట్టారు. మానేశాక ఎట్లా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు. అది ఇంకా బాధగా ఉంది.

ఎవరికైనా ఇట్లా అయిందా? మాత్రలు వేసుకోవాలా, ఓర్చుకుంటే పోతుందా?

పొదిలి_మాస్టారు
మానేసినందుకు ముందు అభినందనలు. నేను సర్వీసులో ఉన్నప్పుడు బీడీ మానేశాను, ఏ మాత్రా వేసుకోలేదు. ఉదయాన్నే నడక, సాయంత్రం గుడి, రాత్రికి తేలిక భోజనం. మనసు మన చేతుల్లో ఉండాలి నాయనా. ఇంత చిన్నదానికి డాక్టర్ దగ్గరికి పోతే రేపు పెద్దది వచ్చినప్పుడు ఎట్లా తట్టుకుంటావు?

రొయ్యలగుంట
మాస్టారూ, చిన్నది అనకండి. గుంటల దగ్గర రాత్రి కాపలా ఉద్యోగం నాది. రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ ఈ దిగులుకే మళ్ళీ అంటించాను. అన్నా, నువ్వు రాసింది చదువుతుంటే నా గురించే రాసినట్టుంది.

గూడూరు_స్వామి
నాకొక సందేహం. నేను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. మండలం 41 రోజులూ ఒక్క సిగరెట్ కూడా ముట్టను, ఏ దిగులూ ఉండదు, పైగా ఉత్సాహంగా ఉంటుంది. కొండ నుంచి వచ్చి మాల తీశాక సాయంత్రానికే చేతిలో ఉంటుంది. మాలలో లేని బాధ మామూలుగా మానేస్తే ఎందుకొస్తుంది? అంటే ఇది మనసులోదే కదా?

సింగరాయకొండ_అక్క
గూడూరు స్వామి గారూ, మాలలో మీరు ఒక్కరే ఉండరు కదా. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, పూజ, పదిమందితో భిక్ష, రాత్రికి భజన. కనిపించిన ప్రతివాళ్ళూ స్వామీ అని దణ్ణం పెడతారు, ఇంట్లో కాఫీ గ్లాసు దగ్గర నుంచి అన్నీ శుభ్రంగా చేసి చేతికిస్తారు. పైగా ఎప్పటికి అయిపోతుందో తెలుసు. పెన్నాగట్టు తమ్ముడికి వీటిలో ఏ ఒక్కటైనా ఉందా? టీ బంకు దగ్గర ఉన్న స్నేహితులు కూడా పోయి ఉంటారు.

పెన్నాగట్టు
అక్కా, సరిగ్గా చెప్పావు. ట్రంకు రోడ్డులో మా షాపు ఎదురుగా టీ బంకు ఉంది. పదకొండుకి, నాలుగింటికి అక్కడ ఐదారుగురం కలిసేవాళ్ళం. పొగ తగిలితే మళ్ళీ మొదలవుతుందని ఇప్పుడు పోవడం లేదు. వాళ్ళు కూడా పిలవడం మానేశారు. ఆ టైముకి షాపులోనే కూర్చుని కాఫీ తెప్పించుకుంటున్నా. రోజుకి ఎన్ని తాగుతున్నానో లెక్క లేదు.

కావలి_మందులషాపు
కాఫీ సంగతి పట్టుకోండి, చాలామందికి తెలియదు. సిగరెట్ పొగలోని తారు పదార్థాల వల్ల కాలేయంలో ఒక ఎంజైమ్ మామూలుకన్నా ఎక్కువ పని చేస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్‌ని త్వరగా విరగ్గొట్టి బయటికి పంపేది అదే. పొగ ఆగిపోతే కొద్దిరోజుల్లోనే ఆ ఎంజైమ్ వేగం తగ్గుతుంది. అప్పుడు పాత లెక్కన కాఫీ తాగినా రక్తంలో కెఫీన్ చాలా ఎక్కువ ఉండిపోతుంది. గుండె దడ, చేతి వణుకు, నిద్ర లేకపోవడం, ఊరికే టెన్షన్. ఇవన్నీ సిగరెట్ మానడం వల్లే అనుకుంటారు, సగం కాఫీది. ముందు కాఫీ సగానికి తగ్గించండి, సాయంత్రం తర్వాత అసలు వద్దు.

ఇంకొక మాట. ఇంట్లో ఎవరైనా ఒలాంజపైన్, క్లోజపైన్ లాంటి మానసిక జబ్బు మందులు వాడుతూ సిగరెట్ మానేస్తే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. వాటినీ ఖర్చు చేసేది ఆ ఎంజైమే, కాబట్టి డోసు మార్చాల్సి రావచ్చు. ఇది నికోటిన్ వల్ల వచ్చేది కాదు, పొగ వల్ల. అందుకే నికోటిన్ చూయింగ్ గమ్ నమిలినా ఈ మార్పు ఆగదు.

చీమకుర్తి_గ్రానైట్
కాఫీ తగ్గించుకో, మంచిదే. మాత్రల జోలికి మాత్రం పోవద్దు. మా పిన్ని ఎన్నేళ్ళుగా వాడుతుందో ఆమెకే గుర్తులేదు. ఒక్కరోజు మాత్ర లేకపోతే ఒళ్ళంతా వణుకు, రాత్రంతా కూర్చునే ఉంటుంది. పగలంతా మత్తు. పలకరిస్తే ఊఁ అంటుంది, అంతే. అంత చురుకైన మనిషి. మీ బావ చెప్పిందే కరెక్ట్.

కావలి_మందులషాపు
చీమకుర్తి తమ్ముడూ, ఆమె వాడే మాత్ర పేరు చూసి చెప్పగలవా?

కొత్తపట్నం_కెరటం
నా మాట ఎవరికీ నచ్చదేమో, అయినా చెప్తా. సిగరెట్ తాగేవాళ్ళ మీద ఇంత జాలి ఎందుకో నాకు అర్థం కాదు. మా అబ్బాయికి ఆస్తమా. బస్టాండులో, హోటల్ బయట, చివరికి ఆసుపత్రి గేటు దగ్గర కూడా వీళ్ళే. చట్టం 2003లోనే వచ్చింది, బహిరంగ ప్రదేశాల్లో తాగకూడదని 2008 అక్టోబర్ 2 నుంచి గట్టిగా అమలు చేస్తామన్నారు, 200 రూపాయల దాకా జరిమానా. ఎవరు కట్టారు? పక్కకి వెళ్ళి తాగండని చెప్తే మనల్నే ఎగాదిగా చూస్తారు. ఇన్నేళ్ళు పక్కవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పొగ వదిలి, మానేశాక దిగులుగా ఉంది ఓదార్చండి అంటే ఎట్లా?

పెన్నాగట్టు
బిడ్డకి ఆస్తమా ఉంటే ఆ కోపం న్యాయమే అన్నా. నేనేమీ అనను.

సింగరాయకొండ_అక్క
కెరటం గారూ, మీ కోపం పొగ మీద. ఇక్కడ మాట్లాడుతున్న మనిషి పొగ మానేసినవాడు. ఈ దిగులుకి మందు దొరక్క ఇతను మళ్ళీ అంటిస్తే, ఆ పొగ మళ్ళీ మీ అబ్బాయి దాకా వస్తుంది. ఆ లెక్కనైనా ఇతను బాగుపడాలని కోరుకోవాలి కదా.

బ్యారన్_రైతు_కొండపి
కెరటం అన్నకి ఒక మాట. మన జిల్లాలో సగం పెళ్ళిళ్ళు, చదువులు పొగాకు డబ్బుతోనే అయ్యాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, అటు నెల్లూరు జిల్లాలో కలిగిరి, డీసీపల్లి, ఎన్ని వేలం కేంద్రాలున్నాయో చూడు. మంచి రేటు పలికిన ఏడాది రైతుని అందరూ మెచ్చుకుంటారు. కొనుక్కుని తాగినవాడు మాత్రం చెడ్డవాడు. నేను పండిస్తాను, తాగను. ఎందుకంటే ఆ ఆకులో ఏముందో నా ఒంటికి తెలుసు. రెలుపులప్పుడు, అంటే ఆకు కోసేటప్పుడు, మంచుకి తడిసిన పచ్చాకు చంకన పెట్టుకుని మోస్తే ఆ రసం చర్మంలోంచే ఎక్కుతుంది. తల తిరగడం, వాంతులు, రాత్రంతా నిద్ర లేకపోవడం. కూలీలు ఎంతమంది పడిపోయారో. చర్మం మీద తగిలితేనే అంత చేసేది, రోజూ లోపలికి పీల్చినవాడి మెదడుని ఊరికే వదులుతుందా? మనసు గట్టిగా లేదని అతన్ని అనడం నాకు నచ్చలేదు.

పొదిలి_మాస్టారు
నేను ఎవరినీ తక్కువ చేసి అనలేదు. ప్రతిదానికీ మాత్ర అనే ధోరణి సరికాదన్నాను.

మనసు_పీజీ
నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ రాసింది చూసి ఎవరికీ వైద్యం చెప్పలేను, విషయం మాత్రం చెప్తాను.

పెన్నాగట్టు గారూ, ముందుగా ఒక ప్రశ్న, సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోతే బాగుండు, ప్రాణం తీసుకోవాలి అనే ఆలోచనలు వస్తున్నాయా? వస్తే సమాధానం ఇక్కడ రాయాల్సిన పని లేదు, ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఇక మీరడిగింది. నికోటిన్ మెదడులో కొన్ని గ్రాహకాల (రిసెప్టర్ల) మీద పని చేసి, హాయినిచ్చే డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో ఆ గ్రాహకాల సంఖ్య పెరిగిపోతుంది. మానేస్తే అవన్నీ ఖాళీగా ఉండిపోతాయి. మళ్ళీ మామూలు స్థాయికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇది చాలదన్నట్టు పొగలో ఇంకొన్ని పదార్థాలు మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని అణచిపెడతాయి. పాతకాలపు డిప్రెషన్ మందులు కొన్ని చేసే పని కూడా అదే. అంటే మీరు ఇరవై ఏళ్ళు తెలియకుండానే దాని ఆసరా మీద ఉన్నారు. ఒక్కరోజులో అది తీసేశారు.

మామూలుగా చిరాకు, నిద్రలేమి, దిగులు మొదటి వారంలో బాగా ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. చాలామంది మాస్టారు గారిలాగే ఏ మందూ లేకుండా బయటపడతారు, ఆయన అనుభవం అబద్ధం కాదు. కానీ దేని మీదా ఇష్టం లేకపోవడం, ఏడుపు, పని మీద ధ్యాస నిలవకపోవడం రెండు వారాలకి మించి దాదాపు రోజూ ఉంటే దాన్ని డిప్రెషన్‌గా చూడాలి. మీకు అంతకంటే చాలా ఎక్కువ కాలమైంది. మీకు మాత్ర రాసిన డాక్టర్ తొందరపడలేదు.

పెన్నాగట్టు
సమాధానం ఇక్కడే ఇస్తా డాక్టర్ గారూ. ప్రాణం తీసుకోవాలని లేదు. పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తోంది. ఇది డాక్టర్‌కి చెప్పలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు.

మనసు_పీజీ
చెప్పినందుకు చాలా సంతోషం. ఈ రాత్రికే మీ ఆవిడకి చెప్పండి, రేపు ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి ఇదే మాట చెప్పండి. మెలకువ రాకపోతే బాగుండు అనేది కూడా డాక్టర్‌కి తెలియాల్సిన విషయమే. అది ఎక్కువైందనిపిస్తే 14416, లేదా దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ. ఏ టైమైనా సరే.

రొయ్యలగుంట
అన్నా, రాత్రంతా నేను మేలుకునే ఉంటా. నిద్ర పట్టకపోతే ఇక్కడ మెసేజ్ పెట్టు, రొయ్యలకి మేత సంగతులైనా చెప్తా.

నెల్లూరు_టు_బెంగళూరు
ఎప్పుడూ చదవడమే గానీ రాయను. ఈరోజు రాయాలనిపించింది. నేను అమ్మాయిని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడికొచ్చాక సిగరెట్ అలవాటైంది. పోయిన ఏడాది మానేశాను. మీలాగే అయింది, ఇంకా ఘోరంగా. కానీ మీరు సిగరెట్ మానేశాక ఇట్లా ఉందని బావకి, భార్యకి చెప్పగలిగారు. తాగినట్టే ఎవరికీ తెలియనప్పుడు మానేశానని ఎవరికి చెప్పను? అమ్మ ఫోన్ చేసి గొంతు ఎందుకట్లా ఉందంటే జలుబు అనేదాన్ని. మా జేజి జీవితాంతం వాకిట్లో కూర్చుని చుట్ట కాల్చింది, ఆమెని ఎవరూ ఒక్క మాటన్నది లేదు. నా సంగతి తెలిస్తే మాత్రం ఇంట్లో శవం లేచినంత గొడవ.

కంపెనీలో కౌన్సెలర్ ఉంటే వెళ్ళాను. ఆమె సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది. బుప్రోపియాన్ వాడాను. అది డిప్రెషన్ మందే, సిగరెట్ మానడానికి కూడా ఇస్తారని అప్పుడే తెలిసింది. నోరు ఎండిపోయేది, మొదట్లో నిద్ర సరిగా పట్టలేదు. కానీ ఒకరోజు ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని పాట వింటూ ఆ పాట నాకు నచ్చుతోందని గమనించాను. ఎన్నాళ్ళ తర్వాతో. ఇప్పుడు మందు ఆపేశాను, బాగున్నాను. ఇంట్లో ఇప్పటికీ తెలియదు.

సింగరాయకొండ_అక్క
అమ్మాయీ, ఎంత ఒంటరిగా నెట్టుకొచ్చావు. ఇక్కడ రాసినందుకు మంచి పని చేశావు.

కనిగిరి_కుర్రోడు
అదే మందా, వేసుకుంటే ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని ఎక్కడో చదివాను.

కావలి_మందులషాపు
బుప్రోపియాన్ మీదా, సిగరెట్ మానడానికే ఇచ్చే వరెనిక్లిన్ అనే ఇంకో మందు మీదా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో అట్లాంటి గట్టి హెచ్చరిక పెట్టించింది. తర్వాత 8 వేల మందికి పైగా మనుషులతో పెద్ద పరీక్ష చేశారు, అందులో సగం మందికి అంతకుముందే మానసిక సమస్యలున్నాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే ఆ ప్రమాదం చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలింది. 2016 డిసెంబర్‌లో ఆ హెచ్చరికలో సిగరెట్ మానడానికి సంబంధించిన భాగం తీసేశారు. ఏ డిప్రెషన్ మందుకైనా 24 ఏళ్ళలోపు వాళ్ళని మొదటి వారాల్లో జాగ్రత్తగా గమనించమంటారు, అది వేరే. మూర్ఛ ఉన్నవాళ్ళు బుప్రోపియాన్ అస్సలు వాడకూడదు. షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది, చీటీ ఉండాలి.

నాయుడుపేట_నాని
ఇవన్నీ ఎందుకు, వేప్ ట్రై చెయ్ అన్నా. పొగ ఉండదు, వాసన ఉండదు.

అడ్మిన్
వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, 2019 నుంచి మన దేశంలో నిషేధం. తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ. ఎక్కడ దొరుకుతాయో ఇక్కడ రాయొద్దు.

చీమకుర్తి_గ్రానైట్
మా పిన్నికి ఫోన్ చేసి స్ట్రిప్ ఫొటో పంపించుకున్నా. ఆల్‌ప్రజోలం 0.5 అని ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ నిద్ర పట్టడానికి ఇచ్చాడంట, చిన్నాయన పోయినప్పుడు.

కావలి_మందులషాపు
అది డిప్రెషన్ మందు కాదు తమ్ముడూ. నిద్రకి, ఆందోళనకి కొద్దిరోజులు మాత్రమే ఇచ్చే మందు. వారాల తరబడి వాడితే అలవాటు పడిపోతుంది, అందుకే షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో పెట్టారు. చీటీ చూసి, రిజిస్టర్‌లో పేరు రాసి అమ్మాలి. పెన్నాగట్టుకి రాసింది వేరే జాతి మందు. దానికి సిగరెట్‌కి లాగినట్టు మనసు లాగదు, డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు. కాకపోతే పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నిండుగా పని చేయడానికి ఇంకా ఎక్కువ. నాలుగు రోజులు వేసుకుని ఏమీ లేదని మానేసేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

మీ పిన్నిగారి మాత్ర మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒక్కసారిగా ఆపకండి. ఫిట్స్ రావచ్చు. ఒంగోలులో మంచి డాక్టర్‌కి చూపించి కొద్దికొద్దిగా తగ్గించాలి.

చీమకుర్తి_గ్రానైట్
చూపిస్తా. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఏ మందైనా మొదట్లో మంచిదనే చెప్తారు. మరి ఈ ఎస్సిటలోప్రామ్ కూడా ఒక్కసారిగా మానేస్తే తల తిరుగుతుందని గూగుల్‌లో ఉంది కదా?

మనసు_పీజీ
ఉంది, నిజమే. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం, చికాకు, విచిత్రమైన కలలు రావచ్చు. అందుకే డాక్టర్ చెప్పిన పద్ధతిలో తగ్గించాలి. కొందరికి తగ్గించడం కష్టంగానే ఉంటుంది, అది దాచాల్సిన పని లేదు. మొదటి వారంలో కడుపులో వికారం, కొందరికి నిద్ర మారిపోవడం, దాంపత్య కోరిక తగ్గడం కూడా ఉంటాయి. చివరిది సిగ్గుపడి చెప్పరు, మందే మానేస్తారు. చెప్తే మందు మార్చవచ్చు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళకి మామూలుగా బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు వాడి ఆపుతారు. జీవితాంతం అనేది అందరికీ వర్తించే మాట కాదు.

బ్యారన్_రైతు_కొండపి
పొగాకు ఆరబెట్టే బ్యారన్లో వేడి మెల్లగా పెంచాలి, తొందరపడి ఒక్కసారి పెంచితే ఆకంతా నల్లబడి పోతుంది. ఈ మందులు పెంచడం తగ్గించడం కూడా అట్లాగే ఉన్నట్టుంది.

సింగరాయకొండ_అక్క
మా ఇంటి సంగతి చెప్తా. మా ఆయన లారీ ట్రాన్స్‌పోర్ట్. మానేసిన తర్వాత ఆయన కూడా ఇట్లాగే అయిపోయాడు. టీవీ పెట్టుకుని కూర్చునేవాడు, చూసేవాడు కాదు. మా అత్తగారు దిష్టి తగిలిందన్నారు, దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. నేను వద్దనలేదు, ఆమె ధైర్యం ఆమెది. కానీ డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా చేయించారు, అవి తక్కువున్నా ఇట్లాగే ఉంటుందంట. తమ్ముడూ, నువ్వు కూడా అడిగి చేయించుకో.

మొదటి వారం అన్నం సయించలేదు. తర్వాత కుదురుకుంది. పీజీ గారు చెప్పిన చివరి విషయం మా ఇంట్లో కూడా అయింది, ఇద్దరం కలిసి వెళ్ళి డాక్టర్‌కి చెప్పాం, డోసు మార్చారు. దాదాపు ఏడాది వాడి మెల్లగా ఆపేశారు. ఇప్పుడు ఏ మాత్రా లేదు, సిగరెట్ కూడా లేదు.

తమ్ముడూ, మీ ఆవిడ మళ్ళీ తాగు అన్నది నీ మీద కోపంతో కాదు. నిన్నట్లా చూడలేక. నువ్వు లోపల పడేది ఆమెకి తెలియాలంటే నోరు తెరిచి చెప్పాలి.

మనసు_పీజీ
మళ్ళీ తాగడం గురించి కూడా ఒక మాట. తాగితే కాసేపు నయంగా ఉంటుంది, నిజమే. అది నికోటిన్ లేక పడే బాధ తీరడమే, దిగులు తీరడం కాదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చాలా పరిశోధనలు కలిపి చూశారు. మానేసినవాళ్ళలో దిగులు, ఆందోళన, ఒత్తిడి, మానకుండా కొనసాగించినవాళ్ళకన్నా తగ్గాయి. అంతకుముందు నుంచి మానసిక సమస్య ఉన్నవాళ్ళలో కూడా అదే కనిపించింది.

కనిగిరి_కుర్రోడు
నాది వేరే భయం. నాకూ డాక్టర్ దగ్గరికి పోవాలనుంది. మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. అన్న మెంటల్ డాక్టర్ దగ్గరికి పోతున్నాడని తెలిస్తే వచ్చేవాళ్ళు కూడా రారు. మా ఊళ్ళో మెడికల్ షాపతను చీటీ చూసి ఎవరికని గట్టిగా అడుగుతాడు, నలుగురు వింటారు.

కావలి_మందులషాపు
అట్లా అడిగే షాపు మా వృత్తికే చెడ్డపేరు. పక్క ఊళ్ళో కొనుక్కో, ఈరోజుల్లో ఎక్కడైనా దొరుకుతాయి. నీ జబ్బు వివరాలు నీ అనుమతి లేకుండా డాక్టర్ మామూలుగా ఎవరికీ చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్నా అదే రూలు. 14416కి ఫోన్ చేస్తే ఇల్లు కదలాల్సిన పని కూడా లేదు, అక్కడి నుంచి మొదలుపెట్టు.

గూడూరు_స్వామి
అక్క చెప్పింది ఆలోచించాను. ఈసారి మాల తీశాక కూడా మా గురుస్వామి పీఠంలో రోజూ భజన పెట్టమని అడుగుతా. నాతో పాటు మానేయాలనుకునేవాళ్ళు మా బృందంలో ఇంకా ఉన్నారు.

కొత్తపట్నం_కెరటం
పెన్నాగట్టు గారూ, నా కోపం నాకుంది, అది పోదు. కానీ మీరు మళ్ళీ తాగొద్దు. మాత్రలు అవసరమైతే వేసుకోండి. పొగ రాని చోట కూర్చుని టీ తాగాలంటే ఎప్పుడైనా ఒంగోలు రండి, కొత్తపట్నం బీచ్ మాకు దగ్గరే.

పొదిలి_మాస్టారు
నడక మాత్రం మానవద్దు. మాత్ర వేసుకున్నా నడవాలి.

మనసు_పీజీ
ఆ మాటకి నా ఓటు కూడా. నడక నిజంగా పని చేస్తుంది మాస్టారూ.

పెన్నాగట్టు
మొన్న రాత్రి మా ఆవిడకి అంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి చీటీ ఇవ్వమంది, పొద్దున తనే వెళ్ళి మాత్రలు తెచ్చింది. డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ విషయం కూడా చెప్పాను, వారానికే మళ్ళీ రమ్మన్నారు, ఆవిణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. నిన్న మొదటిది వేసుకున్నా. కొద్దిగా వికారంగా ఉంది. కాఫీ రెండుకి దించాను.

నా బీపీ మాత్రతో ఇది కలిపి వేసుకోవచ్చా?

కావలి_మందులషాపు
చాలా బీపీ మందులతో ఇబ్బంది ఉండదు, అయినా మీ డాక్టర్‌కి ఆ పేరు చెప్పి అడగండి. నడుము నొప్పికి, తలనొప్పికి మీ అంతట మీరు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి. ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. వికారానికి మాత్ర అన్నం తిన్నాక వేసుకుని చూడండి.

రొయ్యలగుంట
అన్నా, నేను కూడా మళ్ళీ మానేద్దామనుకుంటున్నా. ఈసారి నికోటిన్ గమ్ నమలాలని. పోయినసారి నమిలితే వెక్కిళ్ళు, గొంతు మంట వచ్చి పారేశా.

కావలి_మందులషాపు
మామూలు చూయింగ్ గమ్ నమిలినట్టు గబగబా నమిలి ఉంటావు. మెల్లగా నమలాలి, నోట్లో చిరచిరలాడగానే ఆపి, బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య పెట్టుకోవాలి. ఆ మంట తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమలాలి. ఇట్లా అరగంట. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ తాగేవాడివైతే 2 మిల్లీగ్రాములది సరిపోకపోవచ్చు, 4 గురించి డాక్టర్‌ని అడుగు. సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని, మానడానికి సాయం చేసే క్విట్‌లైన్ నంబర్ ఉంటుంది, దానికి కూడా చెయ్యి. ఈసారి దిగులు మొదలైతే అంటించకుండా ముందు ఇక్కడ రాయి.

రొయ్యలగుంట
రాస్తా. గమ్ నోట్లో ఉన్నప్పుడు టీ తాగొచ్చా? రాత్రి కాపలాకి టీ లేకపోతే కష్టం.

కావలి_మందులషాపు
గమ్ నోట్లో ఉన్నప్పుడు వద్దు. టీ, కాఫీ, సోడా తాగితే నికోటిన్ నోటి నుంచి సరిగా ఎక్కదు. టీ తాగేసి పావుగంట ఆగి గమ్ వేసుకో.